బానెట్ మీద గాలి మూతి

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు కోరారు. కోటల గురించి, శాసనాల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసులో ఎక్కువ కాలం లాగ్ బుక్కులు, పెట్రోలు ఇండెంట్లు రాసినవాణ్ణి. అందుచేత ఒక బండి భాగం చరిత్ర ఎంచుకున్నాను. దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం చివర మనవి చేస్తాను.

2023 వేసవిలో టెక్సాస్‌లో ఉన్న మా పెద్దమ్మాయి ఇంటికి వెళ్ళాను. పంతొమ్మిదేళ్ళ మా మనవడు ఒక పాత ఫోర్డ్ పికప్ కొన్నాడు. అది 1956 నాటి ఎఫ్-100. నాకన్నా ఏడేళ్ళు చిన్నది. దాని బానెట్ కోసి, పైన స్కూప్ అమర్చాలని వాడి ఆలోచన. స్కూప్ అంటే బానెట్ మీద ఉబ్బెత్తుగా కనబడే రేకు తొడుగు. దాని నోరు ముందుకు తెరచి ఉంటుంది. బయటి గాలి ఆ నోట్లోంచి నేరుగా ఇంజనుకు చేరుతుంది.

పికప్ బండి పుట్టుక

మొదట్లో అమెరికా రైతులు కారు వెనుక భాగం తీసేసి, తామే చెక్క పెట్టె బిగించుకునేవారు. ఫోర్డ్ కంపెనీ 1925లో మోడల్ టి బండికి ఫ్యాక్టరీలోనే వెనుక తొట్టి అమర్చి, 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. 1948లో ఎఫ్ శ్రేణి బండ్లు వచ్చాయి. కంపెనీకి యాభై ఏళ్ళు నిండిన 1953లో ఎఫ్-100 వచ్చింది. ముందు అద్దం అంచులు పక్కలకు వంగి ఉండే 1956 నమూనా ఆ ఒక్క ఏడాదే తయారైంది. అందుకే దానికి అక్కడ అంత గిరాకీ.

ఇవి గడ్డి మోపులు, దూడలు మోసిన బండ్లు. పాతబడి చౌకగా దొరకడంతో కుర్రకారు కొని, పెద్ద వి-8 ఇంజన్లు దించి, రంగులు వేసుకున్నారు.

స్కూప్ ఎలా వచ్చింది

కాలిఫోర్నియాలో ఎండిన సరస్సుల మీద యువకులు పాత ఫోర్డులతో వేగ పరీక్షలు జరుపుకునేవారు. వాటిని క్రమబద్ధం చేయడానికి 1937లో అక్కడ ఒక సంఘం ఏర్పడింది. 1932లో వచ్చిన ఫోర్డ్ వి-8 ఇంజను వారికి ప్రాణం. ఇంజను మీద రెండు మూడు కార్బురేటర్లు పేర్చేసరికి చాలామంది బానెట్‌నే తీసి పక్కన పెట్టారు. ఇంకొందరు జనరల్ మోటార్స్ డీజిల్ బస్సులు, లారీల ఇంజన్ల బ్లోయర్ తెచ్చి పైన బిగించారు. అది బానెట్‌ను దాటి పైకి వచ్చేది. కాబట్టి బానెట్‌కు రంధ్రం పడటానికి మొదటి కారణం చోటు చాలకపోవడమే. గాలి సంగతి తరువాత వచ్చింది.

1960ల్లో కంపెనీలే ఈ పోకడను అందిపుచ్చుకున్నాయి. 1964లో వచ్చిన పోంటియాక్ జి.టి.ఓ. కారు బానెట్ మీద రెండు స్కూప్‌లు ఉండేవి గాని, అవి మూసి ఉన్న అలంకారాలు. 1965లో డీలర్ల ద్వారా ఒక సామగ్రి పెట్టె అమ్మాక గాని వాటికి నిజమైన నోరు రాలేదు. 1969 ఫోర్డ్ మస్టాంగ్‌లో స్కూప్‌ను ఇంజనుకే బిగించి, బానెట్ రంధ్రంలోంచి బయటికి తెచ్చారు. ఇంజనుతోపాటు అదీ ఊగుతుంది కనుక దానికి షేకర్ అని పేరు. షెవర్లే వారిది వేరే దారి. బండి వేగంగా పోతున్నప్పుడు ముందు అద్దం అడుగున గాలి పీడనం పెరుగుతుంది. అందుచేత వారు నోటిని వెనక్కు, అద్దం వైపు తిప్పారు. 1970 షెవెల్ కారులో ఇంజను గట్టిగా పీల్చినప్పుడే తెరుచుకునే మూత పెట్టారు.

పికప్‌ల సంగతికి వస్తే, 2004లో వచ్చిన డాడ్జి రామ్ ఎస్.ఆర్.టి.-10 బానెట్ మీద ఫ్యాక్టరీ స్కూప్ ఉంది. దాని ఇంజను 500 హార్స్‌పవర్. మన ఊళ్ళలో నాయకుల వెంట తిరిగిన మొదటి తరం టయోటా ఫార్చ్యూనర్ డీజిల్ బండి బానెట్ మీద ఉన్నదీ స్కూపే. టర్బో వల్ల వేడెక్కిన గాలిని చల్లబరిచే భాగం సరిగ్గా దాని కింద ఉంటుంది.

దాని వల్ల లాభమేమిటి

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇంజను పెట్రోలు కన్నా గాలినే ఎక్కువగా తింటుందన్నమాట. బానెట్ కింద గాలి 70 డిగ్రీల దాకా వేడెక్కి, బయట 40 డిగ్రీలే ఉందనుకుందాం. వేడి గాలి పలుచన కాబట్టి, లోపలి గాలి బరువు అదే పరిమాణంలో దాదాపు 9 శాతం తగ్గుతుంది. స్కూప్ ఆ తేడాను పూడుస్తుంది. ముందుకు తెరిచిన నోట్లోకి గాలి దూసుకొచ్చి బలం పెంచుతుందని చాలామంది అనుకుంటారు. గంటకు 100 కి.మీ. వేగంలో ఆ తోపుడు వాతావరణ పీడనంలో అర శాతానికి కూడా రాదు. అసలు లాభమంతా చల్లదనంలోనే ఉంది.

అమర్చే పద్ధతి

ఈ పనిలో నాకూ కొంత పాత్ర దక్కింది. మొదట నేను చెప్పిన మాట ఒక్కటే: "ఒరే అబ్బీ, ఒరిజినల్ కోయొద్దు." ఆఫీసులో మనం అసలు కాగితం మీద దిద్దుబాట్లు చేయం, నకలు తీసి దాని మీద రాస్తాం. వాడు నవ్వినా విన్నాడు. పాత సామాన్ల అంగడిలో సొట్టపడిన ఇంకో బానెట్ కొన్నాడు. అసలుది దుప్పటి చుట్టి అటక మీద పెట్టాం.

ఎయిర్ క్లీనర్ మీద మెత్తటి మట్టి ముద్ద పెట్టి, బానెట్ మూసి తెరిచాం. ముద్ద ఎంత అణిగిందో చూస్తే ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. తరువాత అట్టతో నమూనా కత్తిరించి, బానెట్ మీద పెట్టి, డ్రైవరు సీట్లో కూర్చుని రోడ్డు కనబడుతున్నదా లేదా చూసుకున్నాం. ఎత్తు ఎక్కువైతే ఎదుటి మనిషి కనబడడు. బానెట్ కింద గట్టిదనం కోసం అడ్డంగా రేకు పట్టీలు ఉంటాయి. వాటిని తెంపకుండా గీత గీయాలి. "తాతా, నీ గీత తిన్నగా ఉంటుంది, నువ్వే గీయి" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళు రిజిస్టర్లకు గళ్ళు గీసిన చెయ్యి అక్కడ పనికొచ్చింది.

రంధ్రం మూలలు గుండ్రంగా ఉండాలి. కోసుగా ఉంటే అక్కడి నుంచే రేకు చీలుతుంది. స్కూప్ నోరు బానెట్‌కు పూర్తిగా ఆనకుండా ఒక అంగుళం పైకి ఉంటే మేలు, ఎందుకంటే రేకును రాసుకుంటూ వచ్చే గాలి మందగిస్తుంది. వెల్డింగు ఒకేచోట సాగదీయకుండా, అక్కడొక చుక్క ఇక్కడొక చుక్క పెడుతూ చల్లారనివ్వాలి, లేకపోతే వేడికి రేకు అలలు తిరుగుతుంది. స్కూప్‌కూ ఎయిర్ క్లీనర్‌కూ మధ్య చుట్టూ రబ్బరు పట్టీ లేకపోతే ఇంజను మళ్ళీ వేడి గాలినే పీలుస్తుంది. వాననీరు పోవడానికి అడుగున సన్నని దారి ఉంచాలి. పని పూర్తి కావడానికి మూడు ఆదివారాలు పట్టింది.

మన మనవళ్ళకు ఒక హెచ్చరిక. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి మార్పులకు పరిమితులు విధించింది. ముందుగా ఆర్.టి.ఓ. కార్యాలయంలో విచారించుకోకుండా బానెట్ మీద రంపం పెట్టవద్దు.

అసలు కారణం

ఇక మొదట చెప్పిన కారణం. 1974లో నేను ఒక జిల్లా కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. మాకు పాత డాడ్జి పికప్ ఒకటి ఉండేది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వారు 1947 నుంచి అమర్చిన డాడ్జి బండ్ల కోవలోది. ఆ ఏప్రిల్‌లో గువ్వలచెరువు ఘాటు ఎక్కుతూ అది నాలుగుసార్లు ఆగిపోయింది. వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరయ్యేది. డ్రైవరు తడిగుడ్డ చుట్టి, అరగంట ఆగి, మళ్ళీ కదిలేవాడు. చివరికి ఆయన సొంత డబ్బుతో బానెట్‌కు రంధ్రం కోయించి, కార్బురేటర్ వైపుకు ఒక రేకు తొడుగు బిగించాడు. దాన్ని "గాలి మూతి" అనేవాడు. మే నెలంతా బండి ఘాటులో ఒక్కసారి కూడా ఆగలేదు. లాగ్ బుక్ రాసేవాణ్ణి కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఆడిట్‌లో అభ్యంతరం వచ్చింది: మంజూరు లేకుండా ప్రభుత్వ ఆస్తికి మార్పు. నోట్ పెట్టమని నాకు చెప్పారు. ఏప్రిల్‌లో నాలుగుసార్లు, మేలో ఒక్కసారి కూడా లేదు అన్న రెండు అంకెలు నేను రాసి ఉండవచ్చు. ఉద్యోగం కొత్త, భయం ఎక్కువ. "నిబంధనలకు విరుద్ధము, రికవరీ చేయదగును" అని రాశాను. కొత్త బానెట్ బిగించారు. అరవై నాలుగు రూపాయలు నాలుగు నెలల్లో ఆయన జీతంలోంచి కోశారు. బిల్లు రాసిందీ నేనే. ఆయన నన్ను తిట్టలేదు. "లాగ్ బుక్కు మీ కాడే ఉండె గదా సార్" అని మాత్రం అన్నాడు.

టెక్సాస్‌లో ఆ పికప్ స్టార్టు చేసినప్పుడు మావాడు నా చెయ్యి తీసి స్కూప్ నోటి దగ్గర పెట్టాడు. ఇంజను గాలి లాగుతుండటం అరచేతికి తెలిసింది. మా డ్రైవరు చదువుకోలేదు. నేను పైన లెక్కలు వేసి చెప్పినదంతా ఆయనకు ఘాటు రోడ్డు మీదే తెలుసు. ఆయన ఇప్పుడు లేరు. పిల్లలు ఎక్కడ ఉన్నారో తెలియదు. ఆనాటి నోట్‌లో రాయవలసిన పేరా ఇన్నేళ్ళకు ఇక్కడ రాస్తున్నాను: బండికి మేలు జరిగింది, ప్రభుత్వానికి నష్టం లేదు, రికవరీ చేయనవసరం లేదు.

సెలవు.

– ఒక విశ్రాంత గుమాస్తా, సంఘ సభ్యుడు