ఎముక ఇంప్లాంట్లపై బయోఫిల్మ్: యాంటీబయాటిక్ నిరోధకత

విరిగిన ఎముకకు వేసిన రాడ్డు, ప్లేటు, స్క్రూల మీద, కృత్రిమ మోకాలు, తుంటి కీళ్ల మీద బ్యాక్టీరియా గుంపుగా అతుక్కుని, తామే తయారుచేసుకున్న జిగురులో బతికే పొరను బయోఫిల్మ్ అంటారు. విడిగా ఉన్న బ్యాక్టీరియాను చంపే మోతాదు కంటే, ఈ పొరలో ఉన్న అదే బ్యాక్టీరియాను చంపడానికి 10 నుంచి 1000 రెట్ల మందు కావలసి రావచ్చు. అంత మోతాదును మనిషి శరీరం తట్టుకోలేదు. కాబట్టి ఈ ఇన్‌ఫెక్షన్ మాత్రలు, ఇంజెక్షన్లతోనే నయం కావడం అరుదు. సకాలంలో చేసే శస్త్రచికిత్సే వైద్యానికి ఆధారం.

ఏర్పడే తీరు

ఇంప్లాంటు శరీరంలో చేరిన కొద్దిసేపటికే దాని మీద ఫైబ్రినోజెన్, ఫైబ్రోనెక్టిన్ వంటి ప్రోటీన్లు పేరుకుంటాయి. స్టెఫిలోకాకస్ ఆరియస్, స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ వంటి బ్యాక్టీరియా వాటిని పట్టుకుని స్థిరపడతాయి. తర్వాత పాలీశాకరైడ్లు, ప్రోటీన్లు, చనిపోయిన కణాల నుంచి వెలువడిన డీఎన్‌ఏ కలిసి జిగురు పొరగా మారతాయి. పొర ముదిరాక కొన్ని కణాలు విడిపోయి చుట్టుపక్కల వ్యాపిస్తాయి.

లోహం పక్కన ఇన్‌ఫెక్షన్‌కు చాలా తక్కువ బ్యాక్టీరియా చాలు. చర్మంలో పట్టుదారం కుట్టు ఉంటే చీము పట్టడానికి కావలసిన స్టెఫిలోకాకస్ సంఖ్య దాదాపు 10,000 రెట్లు తగ్గుతుందని 1957లో ఎలెక్, కోనెన్ చూపించారు. ఇంప్లాంటు ఉపరితలం కోసం శరీర కణాలకు, బ్యాక్టీరియాకు మధ్య పోటీ జరుగుతుందని 1987లో ఆంథొనీ గ్రిస్టినా వివరించారు.

మందులు పనిచేయకపోవడానికి కారణాలు

ఇక్కడ రెండు వేర్వేరు సమస్యలున్నాయి. మొదటిది జన్యువుల్లో వచ్చే నిరోధకత. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టెఫిలోకాకస్ దీనికి ఉదాహరణ. రెండోది పొరలో ఉండడం వల్ల వచ్చే ఓర్పు. లోపలి కణాలకు ఆక్సిజన్, ఆహారం తక్కువ కాబట్టి అవి మెల్లగా పెరుగుతాయి. పెరిగే కణాలను దెబ్బతీసే పెన్సిలిన్ వర్గపు మందులు వాటిపై సరిగా పనిచేయవు. కొన్ని కణాలు దాదాపు నిద్రావస్థలో ఉండి, మందు ఆపగానే మళ్లీ పెరుగుతాయి. ఇలాంటి మొండి కణాలను 1944లోనే జోసెఫ్ బిగ్గర్ గుర్తించారు. ల్యాబు రిపోర్టులో ‘మందు పనిచేస్తుంది’ అని ఉన్నా రోగికి తగ్గకపోవడానికి ఇదే కారణం. ఆ పరీక్ష పొరలో లేని కణాలపై చేసేది.

గుర్తించడం

ఆపరేషన్ గాటు దగ్గర మానని రసి, చీము కారే రంధ్రం, తగ్గని నొప్పి, వదులైన ఇంప్లాంటు ముఖ్య లక్షణాలు. ఇంప్లాంటు దాకా వెళ్లే చీము దారి కనిపిస్తే ఇన్‌ఫెక్షన్ ఖాయమే. శస్త్రచికిత్సలో వేర్వేరు చోట్ల నుంచి కణజాల నమూనాలు తీసి కల్చర్‌కు పంపుతారు. తీసిన స్క్రూనో కీలునో శుభ్రమైన డబ్బాలో పెట్టి, ద్రవం పోసి, నిమిషం పాటు అల్ట్రాసౌండ్ తరంగాలతో కదిలించి, పొర నుంచి ఊడిన బ్యాక్టీరియాను పెంచే పద్ధతి కూడా ఉంది. 2007లో ట్రాంపుజ్ బృందం కృత్రిమ మోకాలు, తుంటి కీళ్లపై చేసిన అధ్యయనంలో ఈ పద్ధతి 78.5 శాతం ఇన్‌ఫెక్షన్లను పట్టుకోగా, మామూలు కణజాల కల్చర్ 60.8 శాతాన్నే పట్టుకుంది. శస్త్రచికిత్సకు ముందు 14 రోజుల్లో యాంటీబయాటిక్ వాడినవారిలో కణజాల కల్చర్ ఫలితం 45 శాతానికి పడిపోయింది. కారణం తెలియకుండా వేసుకున్న మాత్ర జబ్బును తగ్గించకపోగా దాని ఆచూకీని కూడా చెరిపేస్తుంది.

చికిత్స

ఇన్‌ఫెక్షన్ మొదలైన మూడు నాలుగు వారాల్లోపు, ఇంప్లాంటు గట్టిగా ఉంటే, చెడిన కణజాలం తీసేసి, కడిగి, ఇంప్లాంటును ఉంచి మందులు ఇవ్వవచ్చు. పొర ముదిరితే ఇంప్లాంటు తీయాల్సిందే. కీలుమార్పిడిలో పాతది తీసి, యాంటీబయాటిక్ కలిపిన బోన్ సిమెంటును తాత్కాలికంగా పెట్టి, తర్వాత కొత్త కీలు వేయడం ప్రసిద్ధ పద్ధతి. విరిగిన ఎముక ఇంకా అతుక్కోకపోతే, కదలిక ఇన్‌ఫెక్షన్‌ను పెంచుతుంది కాబట్టి, వీలైతే అతికేదాకా ప్లేటును ఉంచుతారు.

స్టెఫిలోకాకస్ పొరపై రిఫాంపిసిన్ బాగా పనిచేస్తుంది. సిప్రోఫ్లోక్సాసిన్‌తో కలిపి ఇవ్వడం మేలని 1998లో జిమ్మెర్లీ బృందం చూపింది. రిఫాంపిసిన్‌ను ఒంటరిగా వాడితే త్వరగా నిరోధకత వస్తుంది.

సండూరు, తెలుగు ప్రాంతాలు

కర్ణాటకలోని బళ్లారి జిల్లా సండూరు తాలూకా ఇనుము, మాంగనీసు గనులకు పేరుపడింది. దోణిమలై గని, తోరణగల్లు ఉక్కు కర్మాగారం ఇక్కడివే. గనుల్లోనో ఖనిజం లారీలు తిరిగే రోడ్ల మీదో ఎముక విరిగి చర్మం చీలితే, మట్టి గాయంలోకి చేరుతుంది. అలాంటి గాయానికి ఆలస్యం చేయకుండా యాంటీబయాటిక్ ఇచ్చి, ఆపరేషన్ థియేటర్‌లో కడగాలి. బళ్లారిలో ఒకప్పుడు విమ్స్ అని పిలిచిన ప్రభుత్వ వైద్య సంస్థ 1961 నుంచి ఉంది. నాటు ఎముక వైద్యమైన పుత్తూరు కట్టు మీద నమ్మకం ఉన్నవారు కూడా, చర్మం చీలిన విరుపుకు కట్టు కట్టించుకుని కాలయాపన చేయకూడదు.

హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని 2007లో లార్సన్ బృందం వెల్లడించింది. చికిత్సలో మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే అది చాలా ఎక్కువ. ఇంప్లాంటు ఇన్‌ఫెక్షన్లో ఆదుకునే మందు ఇలా నీటిలో కలవడం, నిరోధకత పెంచుకునే అవకాశాన్ని బ్యాక్టీరియాకు ఇవ్వడమే.

నివారణ

గాటు పెట్టడానికి ముందు 60 నిమిషాల్లోపు సెఫజోలిన్ ఇంజెక్షన్ ఇవ్వడం, చక్కెర వ్యాధిని అదుపులో ఉంచడం, పొగ మానడం ముప్పును తగ్గిస్తాయి. ఇంప్లాంటు ఉన్నచోట చీము కారితే మందుల షాపులో మాత్ర కొనకండి. ఆపరేషన్ చేసిన డాక్టరును వెంటనే కలవండి. పొర ముదరకముందు వెళ్తే ఇంప్లాంటును కాపాడుకునే అవకాశం ఉంటుంది.