కత్తి కథ దీపం కథ అయిన వైనం

క్రీ.పూ. 167లో సెల్యూసిడ్ రాజు నాలుగో అంతియొకస్ యూదులకు విశ్రాంతిదినాన్నీ సున్నతినీ నిషేధించి, యెరూషలేము ఆలయంలో గ్రీకు దేవుడు జియస్‌కు బలులు ఇప్పించాడు. మోదీను గ్రామంలో మత్తతీయ అనే యాజకుడు తిరగబడ్డాడు. ఆయన కొడుకు యూదా మక్కబీ మూడేళ్లు పోరాడి ఆలయాన్ని గెలిచి, 164లో కిస్లేవు నెల 25న దాన్ని శుద్ధిచేసి పునఃప్రతిష్ఠించాడు. ఎనిమిది రోజులు ఉత్సవం జరిగింది. అదే హనుక్కా.

ఈ పోరు చెప్పే మక్కబీయుల గ్రంథాలు రెండింటిలోనూ నూనె అద్భుతం లేదు. ఒక్కరోజు నూనె ఎనిమిది రోజులు వెలిగిందన్న కథ శతాబ్దాల తరవాత యూదుల ధర్మచర్చల గ్రంథమైన తాల్మూదులో కనిపిస్తుంది. ఈలోగా మక్కబీల వంశం యాజకత్వాన్నీ సింహాసనాన్నీ తానే పట్టుకుంది. ఆ ఇంటి అన్నదమ్ముల తగవు క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపేకు కోటతలుపులు తెరిచింది. క్రీ.శ. 70లో ఆలయం కూలింది. 135లో రోము మీద బార్ కోఖ్బా నడిపిన తిరుగుబాటు నెత్తుటిలో ముగిసింది. కత్తి ఏం మిగిల్చిందో చూసినందుకే రబ్బీలు, అంటే యూదు ధర్మగురువులు, దీపాన్ని ముందుకు తెచ్చారని నా నమ్మకం. ఈ పండుగలో వచ్చే విశ్రాంతిదినాన వాళ్లు చదవమన్నది, సైన్యబలం కన్నా దేవుని ఆత్మే గొప్పదని చాటే జెకర్యా ప్రవచనం.

వాళ్ల చర్చలు ఎంత సున్నితమైనవో! షమ్మాయి అనే గురువు శిష్యులు తొలిరాత్రి ఎనిమిది దీపాలు పెట్టి రోజుకొకటి తగ్గించమన్నారు. హిల్లేలు అనే మరో గురువు శిష్యులు ఒకటితో మొదలుపెట్టి పెంచమన్నారు, పవిత్రతలో ఎక్కడమే కానీ దిగడం ఉండకూడదని. ఆ మాటే నిలిచింది. ఆ వెలుగులో డబ్బు లెక్కపెట్టకూడదు, పని చేసుకోకూడదు. కేవలం చూడాలి. అవసరాలకు షమాష్ అనే మరో దీపం పక్కన ఉంటుంది. దీపాలు వీధికి కనబడేలా గుమ్మం బయట పెట్టాలి, ప్రాణభయం ఉంటే ఇంట్లో బల్ల మీద పెట్టినా చాలు. ఈ మినహాయింపు ఎన్ని తరాలకు ఎన్ని దేశాల్లో అక్కరకొచ్చిందో తలచుకుంటే మనసు బరువెక్కుతుంది.

19వ శతాబ్ది చివర, యూదులకు సొంత దేశం కోరిన జియోనిస్టులు మక్కబీలను మళ్లీ వీరులుగా నిలబెట్టారు. 1932లో టెల్ అవీవ్‌లో తొలి మక్కబియా క్రీడలు జరిగాయి. తరతరాలు వేటాడబడ్డ జనానికి వీరుల ఆకలి సహజమే. అయినా రబ్బీల అర్థమే లోతైనదంటాను. అందుకు నాకు గుర్తొచ్చేది ఒక ఫొటో. 1931 డిసెంబరులో జర్మనీలోని కీల్ నగరంలో రబ్బీ అకీవా పోస్నర్ కుటుంబం కిటికీలో హనుక్కా దీపస్తంభం పెట్టింది. ఎదుటి భవనం మీద నాజీ జెండా. రెండూ ఒకే చట్రంలో పడేలా ఆయన భార్య రాహేల్ ఫొటో తీసింది. 1933లో వాళ్లు దేశం విడిచారు. 2022 డిసెంబరులో బెర్లిన్‌లో, జర్మనీ అధ్యక్షుడి నివాసంలో, ఆ దీపస్తంభాన్నే వాళ్ల మనవలు వెలిగించారు.