అవ్వ చెప్పిన కథ ఎవరిది? కెనడా ఆదివాసీ పెద్దల సాక్ష్యాల చరిత్ర



సెప్టెంబరు 30 వచ్చిందంటే కెనడా ఆదివాసీల ఫొటోలు మన ఫోన్లలోకి కూడా వస్తుంటాయి. నారింజ రంగు చొక్కాలు, మెట్ల మీద చిన్న పిల్లల బూట్లు. ఆ ఫొటోల వెనక ఉన్న సంగతి, ముఖ్యంగా అక్కడి అవ్వలు, తాతలు నోరు విప్పడం వల్ల ఏం జరిగిందనేది, ఈసారి కొంచెం వివరంగా రాస్తున్నాం.

1880ల నుంచి అక్కడి ప్రభుత్వం డబ్బు పెట్టి చర్చిల చేత హాస్టల్ బడులు నడిపించింది. 1920లో చట్టం మార్చి, పిల్లల్ని పంపనంటే కుదరదనే అధికారం తీసుకుంది. మొత్తం మీద దాదాపు 1,50,000 మంది ఆదివాసీ పిల్లలు ఆ బడులకు వెళ్ళారు. జుట్టు కత్తిరించారు, ఇంటి బట్టలు లాక్కున్నారు. సొంత భాష మాట్లాడితే దెబ్బలు. చాలా బడుల్లో పిల్లలకు పేరు బదులు నంబరే. వేల మంది తిరిగి ఇంటికి రాలేదు. పీటర్ బ్రైస్ అనే ప్రభుత్వ వైద్యాధికారి ఆ బడుల్లో టీబీతో పిల్లలు చనిపోతున్నారని 1907లోనే రిపోర్టు రాశాడు, పేపర్లలో కూడా వచ్చింది. అయినా బడులు ఇంకో 90 ఏళ్ళు నడిచాయి. రిపోర్టులతో కదిలే ప్రభుత్వాలు ఎక్కడున్నాయిలే!

కదిలించింది ఆ పిల్లలే, పెద్దవాళ్ళయ్యాక. 1990లో ఫిల్ ఫాంటైన్ అనే ఆదివాసీ నాయకుడు బడిలో తన మీద జరిగిన అత్యాచారం గురించి టీవీలో చెప్పాడు. అప్పటిదాకా భార్యకు గానీ బిడ్డలకు గానీ చెప్పుకోనివాళ్ళు ఎందరో. ఆ తర్వాత ఒక్కొక్కరే బయటికొచ్చారు. మిక్మాక్ తెగకు చెందిన నోరా బెర్నార్డ్ అనే పెద్దావిడ, షుబెనకాడీ బడిలో తనతోపాటు బాధపడినవాళ్ళను కూడగట్టి కోర్టుకెక్కింది. దేశమంతా వేల కేసులు పడ్డాయి. చివరికి 2006లో ప్రభుత్వం, చర్చిలు ఒప్పందానికి దిగొచ్చాయి. 2008లో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. సత్య సయోధ్య కమిషన్ ఆ ఒప్పందంలో నుంచే పుట్టింది, దాని 6 కోట్ల డాలర్లు కూడా అందులోవే. ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ కమిషన్ ఎవరో దయతో వేసింది కాదు, బాధితులు కొట్లాడి సాధించుకున్నది.

దానికి చైర్మన్‌గా ఉన్న మర్రీ సింక్లైర్ ఆదివాసీ, న్యాయమూర్తి. ఊరూరా తిరిగి 6,500 మందికి పైగా సాక్ష్యాలు విన్నారు. వినే పద్ధతి చూడండి. సభ దగ్గర పవిత్రమైన నిప్పు రాజేసి ఉంచేవాళ్ళు. చెప్పేవాళ్ళ పక్కన తోడుగా మనిషి కూర్చునేవాడు. ఏడ్చి తుడుచుకున్న కాగితాలను చెత్తలో వెయ్యనివ్వకుండా బుట్టల్లో పోగుచేసి ఆ నిప్పుకే ఇచ్చేవాళ్ళు. బడుల్లో వాళ్ళ పుట్టినరోజులు ఎవరూ చెయ్యలేదు కదా, అందుకని పెద్ద సభల్లో ముసలివాళ్ళందరికీ కలిపి పుట్టినరోజు చేశారు. డెబ్భై ఏళ్ళ తాత కేకు ముందు నిలబడటం అంటే మాటలా!

'సయోధ్య' అనే మాట మీద అక్కడి ఆదివాసీలకే పేచీ ఉంది. ముందెప్పుడో స్నేహం ఉంటేనే కదా మళ్ళీ కలవడం అని అడుగుతారు. మనకైతే స్టేషన్ గుమ్మంలో వినే 'రాజీ పడండి' గుర్తొస్తుంది. 2015లో కమిషన్ 94 డిమాండ్లు రాసిపెట్టింది. కొన్ని జరిగాయి. పోప్ 2022లో అక్కడికే వెళ్ళి క్షమాపణ అడిగాడు. చాలావి ఇంకా కాగితం మీదే ఉన్నాయి.

అన్నిటికన్నా మనం తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. కమిషన్ సభలు కాకుండా, నష్టపరిహారం కోసం తలుపులు మూసి జరిపిన విచారణలు వేరే ఉన్నాయి. సుమారు 38,000 దరఖాస్తులు వచ్చాయి. బయటికి రాదని మాటిచ్చాకే ఆ పెద్దలు అన్నీ చెప్పారు. తర్వాత ఆ కాగితాలు మావేనంది ప్రభుత్వం. చరిత్ర కోసం దాచాలన్నారు ఇంకొందరు. 2017లో సుప్రీంకోర్టు తేల్చింది: 15 ఏళ్ళు ఉంచండి, దాచమని చెప్పినవాళ్ళవి దాచండి, మిగతావి చెరిపెయ్యండి. సాక్ష్యాలు పోతే రేపు 'అంతా అబద్ధం' అనేవాళ్ళకు బలం వస్తుందనే భయం న్యాయమైనదే. అయినా మాకు ఆ తీర్పే సరైనదనిపిస్తుంది. ఒకసారి అన్నీ లాక్కున్నవాళ్ళే మళ్ళీ వాళ్ళ కథ కూడా తీసుకుంటామంటే ఎట్లా?

మన దగ్గర 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో జరిగిన కాల్పులకు ప్రభుత్వ లెక్క 13. అక్కడి పెద్దల లెక్క వేరు, అది వాళ్ళ నోళ్ళలోనే ఉంది. ఆశ్రమ బడిలో గోండి, కొలామి మాట్లాడి దెబ్బలు తిన్న కథలు మన ఇళ్ళల్లోనే దొరుకుతాయి. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు రికార్డు చెయ్యండి. వాళ్ళ భాషలోనే చెప్పనివ్వండి. ఆపమంటే ఫోన్ పక్కన పెట్టండి. ఎవరికి వినిపించొచ్చో, తాము పోయాక ఏం చెయ్యాలో వాళ్ళనే అడిగి, ఆ జవాబు కూడా అందులోనే రికార్డు చెయ్యండి. అడక్కుండా గ్రూపులో పెట్టకండి.

కెనడాలో ఆ గడువు 2027 సెప్టెంబరు 19తో ముగుస్తుంది. తమ కాగితాలు ఉంచాలో వద్దో చెప్పకుండానే చాలామంది పెద్దలు ఇప్పటికే చనిపోయారు.