ఊరి కబురు మోసిన కోట్వార్

రాయ్‌పూర్‌లో రెవెన్యూ కేసులు చూసే వకీలుని. మా తాత విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. ఎస్సీ, ఎస్టీ ధ్రువపత్రం కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లు 1950కి ముందే తమవాళ్లు ఇక్కడ ఉన్నారని చూపించాలి. చాలామందికి పట్టా ఉండదు, బడి రికార్డూ ఉండదు. అప్పుడు వెతికేది కోట్వారీ పుస్తకం. అలాంటి ఒక నకలులో చూశాను: బిడ్డ పుట్టిన తేదీ, తండ్రి పేరు, కులం. కింది వరుసలో ఒక చావు, కారణం గడిలో 'బుఖార్'. ఊళ్లో కోట్వార్ గుర్తుపెట్టుకుని ఠాణాకు చేరవేసిన కబుర్లే అవి.

కోట్వార్ అంటే మన తలారి లాంటివాడు. ఎక్కువగా గాండా, పన్‌కా కులాలవాళ్లు ఈ పని చేసేవారు. మాల్‌గుజార్, అంటే ఊరి శిస్తు కట్టే భూస్వామి, ఇచ్చిన భూమి చెక్క, రైతుల కళ్లాల్లో దొరికే గింజలు, ఇవే జీతం. సాయంత్రం వీధుల్లో హాంకా (చాటింపు) వేసి సర్కారు మాట ఊరికి చెప్పేవాడు. ఊరి మాట ఠాణాలో చెప్పేవాడూ అతనే.

మరి అతను పోలీసా? 1861 పోలీసు చట్టం, ప్రత్యేకంగా నమోదైతే తప్ప, ఊరి కాపలాదారును తన పరిధిలోకి తీసుకోలేదు. అయినా అతని మీద పెత్తనాన్ని జిల్లా పోలీసు అధికారికి అప్పగించే వీలు 47వ సెక్షన్‌లో పెట్టింది. 1959 భూమి రెవెన్యూ కోడ్, 230వ సెక్షన్ కింద, అతన్ని రెవెన్యూ శాఖ మనిషిని చేసింది. అనుమానాస్పద మరణం, దొంగసొత్తు కొనేవాడి ఆచూకీ లాంటివి వెంటనే చెప్పాలన్న బాధ్యత మాత్రం 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నుంచి నేటి నాగరిక్ సురక్షా సంహిత 34వ సెక్షన్ దాకా గ్రామ ఉద్యోగుల మీద ఉంటూనే ఉంది. ఆ సెక్షన్ అరెస్టు అధికారం ఇవ్వదు. కళ్లెదుట ఘోరమైన నేరం జరిగితే పట్టుకునే హక్కు ఏ పౌరుడికైనా ఉంది. అలా పట్టుకున్నవాణ్ణి ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలి.

లాఠీ బలం లేని మనిషికి మాటే బలం. కానీ తన భూమి ఎవరి దయమీద ఉందో ఆ ఆసామి ఇంట్లో జరిగిన నేరాన్ని అతను ఠాణాలో ఎలా చెప్పగలడు? నన్ను బాధించే ప్రశ్న ఇదే. 1951లో మాల్‌గుజారీ పోయినా ఆ ప్రశ్న పోలేదు. అంతకుముందు మాల్‌గుజార్లు ఇచ్చిన భూమి మీద యాజమాన్య హక్కు కావాలని కోట్వార్లు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. 2023 రాష్ట్ర బడ్జెట్‌లో, పనికి బదులుగా ఇచ్చే సేవాభూమి లేనివాళ్ల గౌరవ వేతనం నెలకు 4,500 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. దాంతో ఇల్లు గడవదు.

తరాలుగా దున్నుకున్న చెక్క ఆ కుటుంబాలకే రాసివ్వాలి. ఉద్యోగానికి బతకగలిగే జీతం వేరుగా ఇవ్వాలి. ఎవరికీ రుణపడని కోట్వార్ చెప్పే కబురే కోర్టులోనూ, ఊళ్లోనూ నిలుస్తుంది.