ఐవజోవ్‌స్కీ: నల్ల సముద్రాన్ని గీసిన మనిషి ఏ దేశం వాడు?

2023 ఆరంభంలో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఒక చిత్రకారుడి వివరాలను రెండుసార్లు మార్చింది. అంతకు ముందు ‘రష్యన్’ అని ఉన్న చోట మొదట ‘ఉక్రేనియన్’ అని రాసింది. దానిపై అభ్యంతరాలు రావడంతో ‘ఆర్మేనియన్’ అని దిద్ది, అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో జన్మించారని చేర్చింది.

ఆ చిత్రకారుడు ఇవాన్ ఐవజోవ్‌స్కీ. ఆయన వేసిన చిత్రాలు దాదాపు 6,000 ఉంటాయని అంచనా. వాటిలో ఎక్కువ భాగం సముద్రమే.

క్రిమియా తీరంలోని ఫియోదోసియా రేవు పట్టణంలో 1817లో ఒక ఆర్మేనియన్ వ్యాపారి ఇంట ఆయన పుట్టారు. చర్చిలో పెట్టిన పేరు హోవన్నెస్. అప్పటికే తండ్రి వ్యాపారం దెబ్బతినడంతో ఇల్లు గడవడం కష్టంగా ఉండేది. కుర్రాడి చేతిలోని విద్యను గమనించిన స్థానిక ఉన్నతాధికారి అలెగ్జాండర్ కజ్నచేయెవ్ అండగా నిలిచారు. అలా 1833లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని కళా అకాడమీలో చేరారు. నాలుగేళ్లలో బంగారు పతకం, ఆ తర్వాత ప్రభుత్వ ఖర్చుతో విదేశీ ప్రయాణం దక్కాయి.

1840లో ఇటలీ చేరారు. వెనిస్ పక్కనున్న సాన్ లాజరో దీవిలోని ఆర్మేనియన్ మఠంలో ఆయన అన్న సన్యాసి. రోమ్‌లో ఆయన గీసిన ‘కేయాస్’ను పోప్ 16వ గ్రెగరీ తీసుకున్నారు. ఆ చిత్రం ఇప్పుడు ఆ మఠంలోనే ఉంది. అప్పటికే పేరు మోసిన ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ ఆయన పనిని మెచ్చుకున్నారు. 1843లో పారిస్‌లో ప్రదర్శించిన చిత్రాలకు బంగారు పతకం వచ్చింది. పాతికేళ్లు దాటేసరికే ఐరోపా అంతా పేరొచ్చింది.

1844లో తిరిగొచ్చాక రష్యా నౌకాదళం ఆయన్ను తన అధికారిక చిత్రకారుడిగా నియమించింది. రష్యా నౌకలు గెలిచిన యుద్ధాలను ఆయన వరసగా గీశారు. 1770లో తుర్కుల నౌకలను తగలబెట్టిన చెస్మా యుద్ధం, 1853 నాటి సినోప్ యుద్ధం వాటిలో ముఖ్యమైనవి. క్రిమియా యుద్ధ సమయంలో ముట్టడిలో ఉన్న సెవస్తోపోల్‌లో సైతం ప్రదర్శన పెట్టారు. ఆయన్ను నేటి రష్యా తన వాడని గట్టిగా చెప్పుకోవడానికి ఈ చిత్రాలే పెద్ద ఆధారం.

అయితే అదే మనిషి తుర్కు సుల్తానులకూ ఇష్టుడు. 1845లో మొదటిసారి ఇస్తాంబుల్ చూశారు, తర్వాత పలుమార్లు వెళ్లారు. సుల్తాన్ అబ్దుల్ అజీజ్ కోరిక మీద వేసిన బాస్ఫరస్ దృశ్యాలు ఇప్పటికీ అక్కడి డోల్మాబాచే రాజభవనంలో ఉన్నాయి. 1894-96లో తుర్కు సామ్రాజ్యంలో ఆర్మేనియన్ల ఊచకోత జరిగాక మాత్రం ఆయన తట్టుకోలేకపోయారు. సుల్తాన్ ఇచ్చిన పతకాలను సముద్రంలోకి విసిరేశారని చెబుతారు. ఊచకోత దృశ్యాలను కూడా గీశారు. 1900లో కన్నుమూసే నాటికి ఆయన ఈజిల్ మీద అసంపూర్తిగా మిగిలిన చిత్రం, పేలిపోతున్న తుర్కు నౌక.

ఆయన పని తీరు విచిత్రంగా ఉంటుంది. సముద్రాన్ని గీసేవాళ్లు ఒడ్డున కూర్చుని గీస్తారని అనుకుంటాం. ఐవజోవ్‌స్కీ స్టూడియోలో, జ్ఞాపకం మీద గీసేవారు. మెరుపు, గాలి విసురు, అల విరిగిపడే క్షణం కుంచె కోసం ఆగవు కాబట్టి వాటిని ఎదురుగా పెట్టుకుని గీయలేమన్నది ఆయన వాదన. పెన్సిల్‌తో చిన్న గీతలు గీసుకుని, మిగతాది మనసులో పెట్టుకుని ఇంటికి వచ్చేవారు. పలుచని రంగు పొరలను ఒకదానిపై ఒకటి వేయడం వల్ల ఆయన అలల్లోంచి వెలుతురు అవతలికి దూసుకొచ్చినట్టు కనబడుతుంది. 1850లో గీసిన ‘తొమ్మిదో అల’లో ఇది స్పష్టం. రాత్రంతా తుఫానులో కొట్టుకుపోయి, విరిగిన తెరచాప కొయ్యను పట్టుకున్న కొందరు, వారి మీదికి లేస్తున్న అల, వెనక తెల్లవారుతున్న ఆకాశం. మూడు మీటర్లకు పైగా వెడల్పున్న ఈ చిత్రం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని రష్యన్ మ్యూజియంలో ఉంది. ఎనభై దాటాక ఇంతకంటే పెద్దదైన ‘అలల మధ్య’ను పది రోజుల్లో పూర్తిచేశారని చెబుతారు. అయితే 6,000 చిత్రాల్లో అన్నీ ఈ స్థాయివి కావు. అదే సూర్యాస్తమయం, అదే వెన్నెల చాలాసార్లు తిరిగొస్తాయి. మార్కెట్‌లో నకిలీలకూ కొదవ లేదు.

ప్రయాణాలు ఎప్పుడూ ఆగలేదు. 1869లో సూయజ్ కాలువ ప్రారంభోత్సవానికి వెళ్లారు. 75వ ఏట అట్లాంటిక్ దాటి నయాగరాను చూశారు. రష్యాలో కరవు వచ్చినప్పుడు అమెరికా పంపిన ధాన్యానికి కృతజ్ఞతగా రెండు చిత్రాలు గీసి, వాషింగ్టన్‌లోని కార్కొరన్ గ్యాలరీకి ఇచ్చారు.

ఎక్కడ తిరిగినా ఇల్లు మాత్రం ఫియోదోసియాలోనే. సముద్రం చుట్టుముట్టిన ఆ ఊరికి తాగునీటి కొరత ఉండేది. ఏళ్ల తరబడి ఆ బాధ చూసిన ఐవజోవ్‌స్కీ 1887లో తన ఎస్టేట్‌లోని సుబాష్ ఊట నుంచి రోజుకు 50,000 బకెట్ల నీటిని ఊరికి ఇచ్చారు. నాటి రష్యా బకెట్ లెక్కన అది సుమారు 6 లక్షల లీటర్లు. మరుసటి ఏడాది గొట్టాల ద్వారా నీళ్లు వచ్చాయి. రైలు మార్గం కోసం, రేవు అభివృద్ధి కోసం ప్రభుత్వాన్ని వెంటాడి సాధించారు. 1880లో ఇంటికి ఆనుకుని చిత్రశాల కట్టారు. వీలునామాలో దాన్ని, అందులోని చిత్రాలతో సహా, పట్టణానికే రాసిచ్చారు.

ఆ పట్టణం 2014 నుంచి రష్యా అధీనంలో ఉంది. 2016లో మాస్కోలోని ట్రెత్యకోవ్ గ్యాలరీ ఆయన 200వ జయంతికి ముందస్తుగా భారీ ప్రదర్శన పెట్టి, ఫియోదోసియా నుంచి కూడా చిత్రాలను తెప్పించింది. ఆక్రమిత ప్రాంతం నుంచి కళాఖండాలను తరలించడం చట్టవిరుద్ధమని ఉక్రెయిన్ నిరసన తెలిపింది. యుద్ధం మొదలైన 2022లో వివాదం మరింత ముదిరింది. ఆ శరదృతువులో ఖేర్సన్ నుంచి వెనుదిరుగుతున్న రష్యా బలగాలు అక్కడి కళా మ్యూజియంలోని వేలాది వస్తువులను క్రిమియాకు తరలించాయి.

ఐవజోవ్‌స్కీ సమాధి మాత్రం ఆయన బాప్తిజం పొందిన ఆర్మేనియన్ చర్చి ఆవరణలోనే ఉంది. దాని మీది వాక్యం ఆర్మేనియన్ భాషలో ఉంది.