టిక్కెట్టుపై జాతి: జొహానెస్‌బర్గ్ అపార్థైడ్ మ్యూజియం – జాతీయ అస్తిత్వ పరిశీలన

వ్యాససంగ్రహం:
దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో 2001లో ప్రారంభమైన అపార్థైడ్ మ్యూజియం ప్రతి సందర్శకునికీ టిక్కెట్టు ద్వారా ఒక వర్ణాన్ని కేటాయించి, ఆ వర్ణానికి నిర్దేశించిన ద్వారం గుండా లోనికి పంపుతుంది. అస్తిత్వాన్ని రాజ్యం తన దస్తావేజుల ద్వారా ఎలా నిర్మిస్తుందో ఈ ఏర్పాటు అనుభవంలోకి తెస్తుంది. ఆ రెండు ద్వారాల విభజనలో దక్షిణాఫ్రికా తెలుగువారి చరిత్ర ఎంతవరకు ఇముడుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అపార్థైడ్, జాతీయ అస్తిత్వం, మ్యూజియం, వర్ణ వర్గీకరణ, దక్షిణాఫ్రికా తెలుగువారు.

1. ప్రవేశిక:
తెలుగులో ‘జాతి’ అనే పదానికి రెండు ప్రయోజనాలున్నాయి. ‘జాతీయ గీతం’ అన్నప్పుడు అది ఒక దేశ ప్రజలందరినీ కలుపుతుంది. ‘జాతి వివక్ష’ అన్నప్పుడు అదే ప్రజలను విడదీస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు దక్షిణాఫ్రికా చరిత్రను ఈ రెండు అర్థాల సంఘర్షణగా చదవవచ్చు. 1948లో అధికారంలోకి వచ్చిన నేషనల్ పార్టీ రెండో అర్థాన్ని రాజ్యవిధానంగా మార్చింది. 1994 ఎన్నికల తర్వాత ఏర్పడిన ప్రజాస్వామ్య ప్రభుత్వం మొదటి అర్థాన్ని సాధించే బాధ్యతను స్వీకరించింది. ఈ పరివర్తనను చెప్పే మ్యూజియం ఒక కేసినో లైసెన్సు ఒప్పందంలో భాగంగా, సామాజిక బాధ్యత కింద నిర్మితం కావడం గమనార్హం.

2. రెండు ద్వారాలు:
మ్యూజియంలో టిక్కెట్టు కొన్నవారికి ‘శ్వేతజాతీయులు’ లేదా ‘శ్వేతేతరులు’ అన్న గుర్తింపు లభిస్తుంది. సందర్శకుని మేనిఛాయకూ ఆ గుర్తింపుకూ సంబంధం లేదు, పంపిణీ యాదృచ్ఛికం. కలిసి వచ్చిన కుటుంబసభ్యులు సైతం వేర్వేరు ద్వారాల వద్ద విడిపోవలసి రావచ్చు. లోపలి నడవాలలో ఆనాటి గుర్తింపు పత్రాల ప్రతిరూపాలు కనిపిస్తాయి. నడవాలు దాటిన తర్వాతనే ఇరుపక్షాలవారూ మళ్లీ కలుసుకుంటారు.

సాధారణంగా మ్యూజియంలో సందర్శకుడు ప్రేక్షకుడు. ఇక్కడ అతడే ప్రదర్శితాంశం. ఏ తప్పూ చేయకుండా, ఏ ప్రశ్నకూ సమాధానం చెప్పకుండా, చేతిలోని కాగితం వల్లనే దారి మారిపోవడం అతని అనుభవంలోకి వస్తుంది.

3. చట్టం – చూపు:
ఈ ఏర్పాటుకు మూలం 1950 నాటి జనాభా నమోదు చట్టం. అది ప్రజలను శ్వేతజాతీయులు, కలర్డ్, స్థానికులు అనే మూడు వర్గాలుగా విభజించింది. రూపంలో స్పష్టంగా శ్వేతజాతీయులుగా కనిపించడం, సమాజం అలా అంగీకరించడం అనేవి ఆ చట్టంలో ‘శ్వేతజాతి’కి ప్రమాణాలు. శాస్త్రీయమని చెప్పుకున్న విభజన చివరకు అధికారి చూపు మీద, ఇరుగుపొరుగు అభిప్రాయం మీద ఆధారపడింది.

శాండ్రా లెయింగ్ ఉదంతం ఇందుకు నిదర్శనం. శ్వేతజాతీయులుగా నమోదైన తల్లిదండ్రులకు 1955లో జన్మించిన ఆమెను 1966లో ప్రభుత్వం ‘కలర్డ్’ వర్గంలోకి మార్చింది. తల్లిదండ్రుల వర్గాన్ని ప్రమాణంగా తీసుకుంటూ 1967లో చట్టాన్ని సవరించాక, ఆమె మళ్లీ శ్వేతజాతీయురాలిగా నమోదైంది. మారింది మనిషి కాదు, నమోదు. మ్యూజియం టిక్కెట్టులోని యాదృచ్ఛికత ఈ నిరంకుశత్వాన్నే సూచిస్తుంది.

4. రెండు ద్వారాలకు అందని చరిత్ర:
అయితే ఈ ప్రతీకకు ఒక పరిమితి ఉంది. వర్ణ వివక్ష పాలన రెండు ద్వారాలతో ఆగలేదు. అణచివేతకు గురైనవారి మధ్య కూడా మెట్లు కట్టింది. 1959 నాటి ప్రకటన కలర్డ్ వర్గాన్ని మరిన్ని ఉపవర్గాలుగా చీల్చింది. అందులో ‘భారతీయులు’ ఒక ఉపవర్గం.

ఆ ఉపవర్గం వెనుక సుదీర్ఘ చరిత్ర ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ నౌక డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు 1,52,000 మందికి పైగా ఒప్పంద కూలీలు నేటాల్‌కు వలస వెళ్లారు. వారిలో విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాల తెలుగువారు గణనీయంగా ఉన్నారు. నౌకా పట్టికలు వారి పేరు, తండ్రి పేరు, కులం, గ్రామం నమోదు చేశాయి. 1931లో వారి వారసులు ఆంధ్ర మహాసభను స్థాపించి భాషను నిలుపుకునే ప్రయత్నం చేశారు. జనాభా నమోదు చట్టం దృష్టిలో మాత్రం ఆ గ్రామానికీ భాషకూ విలువ లేదు. ‘భారతీయులు’ అన్న ఒక్క మాట ఆధారంగా, 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద, వారిని డర్బన్‌లో చాట్స్‌వర్త్‌కు, జొహానెస్‌బర్గ్‌లో లెనేషియాకు తరలించారు. ‘శ్వేతేతరులు’ అని రాసిన ఒక్క ద్వారం ఈ అంతరాలను చూపలేదు.

5. టిక్కెట్టు ముగిశాక:
మ్యూజియం ఆవరణలో ప్రజాస్వామ్యం, సమానత్వం, సయోధ్య, వైవిధ్యం, బాధ్యత, గౌరవం, స్వేచ్ఛ అనే ఏడు రాజ్యాంగ విలువలకు ఏడు స్తంభాలున్నాయి. పత్రం విడదీసిన ప్రజలను మరో పత్రం కలుపుతుందన్నది వాటి సందేశం. ఆ రాజ్యాంగంలోని 6వ అధికరణం, ప్రోత్సహించి గౌరవించవలసిన సమాజ భాషల జాబితాలో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగునూ పేర్కొంది. వర్గీకరణ చట్టం చెరిపేసిన పేరును రాజ్యాంగం తిరిగి రాసింది.

అయినా పాత వర్గాలు పూర్తిగా అంతరించలేదు. జనాభా నమోదు చట్టం 1991లో రద్దయింది. కాని 1998 నాటి ఉద్యోగ సమానత్వ చట్టం ఆఫ్రికన్లు, కలర్డ్, భారతీయులు అనే పేర్లనే వాడుతుంది. నాడు వంచనకు ఉపయోగపడిన పేర్లు నేడు ఆ వంచనను సరిదిద్దడానికి అవసరమయ్యాయి. మ్యూజియంలో టిక్కెట్టు కొన్ని నిమిషాల్లో చెల్లిపోతుంది. సమాజంలో దాని ఫలితం తరాలు మిగిలింది.

ముగింపు:
నౌకా పట్టిక గ్రామాన్ని నమోదు చేసింది, వర్ణపట్టిక దాన్ని ‘భారతీయులు’గా కుదించింది, రాజ్యాంగం భాషను పేరుతో గుర్తించింది. ఒకే ప్రజల అస్తిత్వాన్ని మూడు పత్రాలు మూడు విధాలుగా రాశాయి. అపార్థైడ్ మ్యూజియం ప్రవేశద్వారం ఈ రాతలోని కృత్రిమత్వాన్ని బలంగా బోధిస్తుంది. ఆ బోధన సంపూర్ణం కావాలంటే, ‘శ్వేతేతరులు’ అన్న ద్వారం వెనుక ఉన్న అనేక భాషలను, అనేక ప్రయాణాలను విడివిడిగా చదవవలసి ఉంది. దక్షిణాఫ్రికా తెలుగువారి చరిత్ర అటువంటి పఠనానికి తెలుగు పరిశోధకుల ముందున్న సమీప క్షేత్రం.