హెడరు ఫైళ్ళ ప్రత్యంతరములు

1998 నవంబరు 22వ తేదీని నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూరు రాతిగుట్టల నడుమ సైబర్ టవర్సును ప్రారంభించిరి. ఆ సంవత్సరముననే హైదరాబాదున నెలకొనిన మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రమునకు తొలినాళ్ళలో దక్కిన పనులలో, విండోసు యంత్రముపై యూనిక్సు ప్రోగ్రాములను నడిపించు ‘సర్వీసెస్ ఫర్ యూనిక్స్’ ఒకటి. 1999లో సాఫ్ట్‌వే సిస్టమ్స్ నుండి కొనిన ఇంటెరిక్స్ దానికి ప్రాణము. ఆ యంత్రమున స్టడియో అను ఒకే పేరుగల హెడరు ఫైళ్ళు రెండు, విజువల్ సి వారి దొకటియు ఇంటెరిక్స్ వారి దొకటియు, ఉండెడివి. సీసీ అను ఆజ్ఞ లోలోపల విజువల్ సి కంపైలరునే పిలిచినను, హెడర్లను వెదకు త్రోవను మాత్రము ఇంటెరిక్స్ వైపునకే మరల్చెడిది.

ఏ నిర్మాణములో ఏ అంశము ఎన్నవ బైటున నుండునో, ఏ ఫంక్షను ఏమి పుచ్చుకొని ఏమి ఇచ్చునో ప్రకటించునది హెడరు. దాని ప్రతులు రెండై, ఒకదాని నడుమ చేరిన అంశము రెండవదానిలో చేరనిచో, కంపైలరు త్రోవలో ముందు కనబడినదానినే గ్రహించి మారుమాటాడక సాగిపోవును. పిమ్మట ఒక భాగము వ్రాసిన బైట్లను వేరొక భాగము మరియొక అర్థమున చదువును. తాళపత్ర లేఖకుల చేతిలో కావ్యములకు పాఠభేదములు పుట్టిన తీరిదియే. అన్వయము కుదరనిచోట కావ్యపాఠకుడు ఆగి శంకించును, యంత్రమునకు ఆ శంక లేదు. ఏది మూలమో, ఏది దాని ననుసరింపవలెనో ముందే నిర్ణయమైనచో రెండు ప్రతులున్నను హాని లేదని నా దృఢాభిప్రాయము.

లినక్స్ కెర్నలులో 32-బిట్ ఐ386కును 64-బిట్ ఎక్స్86-64కును చిరకాలము వేర్వేరు హెడర్ల సంచయము లుండుటచే, ఒకచోట దిద్దిన దోషము రెండవచోట మిగిలిపోవుటకు ఎడముండెను. థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్‌ల పూనికతో 2008 జనవరిలో వెలువడిన 2.6.24లో అవి ఒకే గూటికి చేరినవి. వారి పద్ధతి నాకు మిక్కిలి ప్రశంసనీయముగా తోచును: భేదమున్న ఫైళ్ళను తొందరపడి కలుపక, 32, 64 అను తోకలతో ఒకేచోట చేర్చి, కావలసినదాని నెన్నుకొను చిన్న హెడరును పైన నిలిపిరి, అసలు కలయిక ఆ పిమ్మట, పోల్చి చూచి, ఒక్కొక్కటిగా జరిగెను. 2012 డిసెంబరున, 3.7లో, డేవిడ్ హోవెల్స్ వినియోగ ప్రోగ్రాములకు చూపదగిన ప్రకటనలను యూఏపీఐ అను వేరు స్థానమునకు తరలించెను.

ఆ లినక్స్ మూలసంకేత వృక్షముననే, నెట్‌ఫిల్టరు శాఖలో, పెద్దక్షరముల మార్క్ హెడరును చిన్నక్షరముల మార్క్ హెడరును వేర్వేరుగా నున్నవి. అక్షరభేదమును పాటింపని విండోసు డిస్కుపైకి దింపుకొన్నచో ఒకటి రెండవదానిని కప్పివేయును. 2004 జనవరిలో ఉచితముగా వెలువడిన సర్వీసెస్ ఫర్ యూనిక్స్ 3.5, ఆ భేదమును పాటింపవలెనా యని స్థాపన సమయముననే అడిగెడిది.

ఏది మూలమో ముందే నిర్ణయమైన ప్రతులును ఆ వృక్షమున కలవు. కెర్నలులోని మార్పులు తమ నిర్మాణమును భంగపరచకుండుటకై, పనితీరును కొలుచు పర్ఫ్ వంటి పరికరములు తమకు వలసిన హెడర్లను ‘టూల్స్’ శాఖలో బుద్ధిపూర్వకముగా ప్రతి తీసి ఉంచుకొన్నవి. పర్ఫ్‌ను నిర్మించునపుడు ఒక చిన్న స్క్రిప్టు ఆ ప్రతులను మూలముతో పోల్చి, భేదము కనబడినచో హెచ్చరించును గాని నిర్మాణమును ఆపదు. క్రొత్త సిస్టమ్ కాల్ చేరినదా, ఊరక వ్యాఖ్య మారినదా అని చూచి ప్రతిని సరిచేయుట పర్ఫ్ నిర్వాహకుల పని.